కార్డు అప్పగించాలా, పంచాలా?

బిలాస్‌పూర్‌లో అర్పా నది దాటి సర్కండా మీదుగా సీపత్ రోడ్డు పట్టుకుంటే ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం వస్తుంది. దీప్కా గని నుంచి దానికి బొగ్గు సొంత రైలు మార్గంలోనే చేరుతుంది. మిగతా బొగ్గు రైళ్లు ప్రయాణికుల బళ్లతో పాటు బిలాస్‌పూర్ జంక్షన్ లైన్లు పంచుకోవాల్సిందే. రైల్వే ఊళ్లో ఉండే మనవాళ్లకు ఆ తేడా విడమర్చి చెప్పనక్కర్లేదు. వర్చువల్ మెషీన్ (వీఎం)కు నెట్‌వర్క్ ఇవ్వడంలోనూ ప్రధానంగా ఉన్నవి ఈ రెండు దారులే.

పంచుకునే దారి అయిన బ్రిడ్జి పద్ధతిలో అసలు నెట్‌వర్క్ కార్డు హోస్టు (వీఎంలను నడిపే సర్వర్) చేతిలోనే ఉంటుంది. వీఎంకు దక్కేది వర్టయో అనే ఉత్తుత్తి కార్డు. ప్రతి ప్యాకెట్‌నూ హోస్టు ప్రాసెసరే అందుకుని, ఎవరిదో చూసి చేరవేస్తుంది. సొంత దారి అయిన పాస్‌త్రూలో హోస్టు తన డ్రైవర్‌ను తప్పించి, కార్డును వీఎఫ్ఐఓ అనే లినక్స్ ఏర్పాటుకు అప్పగిస్తుంది. ఇది 2012లో లినక్స్ 3.6తో వచ్చింది. ఆపైన వీఎం తన సొంత డ్రైవర్‌తో కార్డును నేరుగా నడుపుకుంటుంది. కార్డు వేరే మెమరీ జోలికి పోకుండా ఐఓఎంఎంయూ అనే హార్డ్‌వేర్ కాపలా కాస్తుంది.

వేగం కోసమని పాస్‌త్రూను మెచ్చుకునేవాళ్లే ఎక్కువ. ఆ మెప్పులో సగమే నిజం. 10 గిగాబిట్ లైను మీద అతి చిన్న ప్యాకెట్లు సెకనుకు కోటీ 48 లక్షలకు పైగా రావచ్చు. అక్కడ మామూలు బ్రిడ్జి చేతులెత్తేస్తుంది. కొన్ని వందల మెగాబిట్ల ఫైబర్ కనెక్షన్ పెట్టుకున్న చిన్న ఆఫీసుకు ఆ బెడద ఎక్కడిది? అక్కడ లాభం కంటికి ఆనదు, ఖర్చు మాత్రం తప్పదు. వీఎం మెమరీ మొత్తాన్నీ ముందే కట్టేసి ఉంచాలి. నడుస్తున్న వీఎంను ఇంకో సర్వర్‌కు మార్చుకునే వీలు సాధారణంగా పోతుంది. చౌక మదర్‌బోర్డు మీద నెట్‌వర్క్ కార్డూ డిస్క్ కంట్రోలరూ ఒకే ఐఓఎంఎంయూ గ్రూపులో పడితే రెండింటినీ కలిపే హోస్టు వదులుకోవాలి. (బోర్డు పెట్టె మీద ఈ సంగతి ఎవరూ అచ్చు వేయరు.)

పాస్‌త్రూ అసలు బలం వేగం కాదు, ఎడం. ఓపీఎన్‌సెన్స్ లాంటి ఫైర్‌వాల్‌ను వీఎంలో నడుపుతూ, బయటి లైను తగిలే పోర్టును దానికే ఇస్తే, వచ్చే ప్యాకెట్ హోస్టు నెట్‌వర్క్ స్టాక్‌ను తాకదు. బ్రిడ్జి ఈ భరోసా ఇవ్వలేదు.

ఈ రెంటి నడుమ ఎస్ఆర్-ఐఓవీ ఉంది. ఒకే కార్డు తనను తాను ముక్కలుగా పంచి ఇస్తుంది. ఇంటెల్ 82599 చిప్ అయితే పోర్టుకు 64 ముక్కల దాకా. అమెజాన్ 2013లోనే తన క్లౌడ్‌లోకి దీన్ని తెచ్చింది. నాకు ఇంకా నచ్చింది మైక్రోసాఫ్ట్ అజ్యూర్ ఎత్తు: ముక్క కార్డు పక్కనే ఉత్తుత్తి కార్డునూ ఉంచి, మరమ్మతు వేళ ట్రాఫిక్‌ను దాని మీదికి మళ్లిస్తుంది. పాస్‌త్రూ వేగమూ బ్రిడ్జి వెసులుబాటూ కలిసింది అక్కడే. కానీ అది డేటా సెంటర్ల ఆట.

ఒకే సర్వర్ ఉన్నవాళ్లు రెండు పోర్టుల కార్డు విడిగా కొని ఫైర్‌వాల్‌కు అప్పగించండి. మదర్‌బోర్డు పోర్టు హోస్టుకే ఉంచండి, లేకపోతే రిమోట్ లాగిన్ కూడా తెగిపోతుంది. మిగతా వీఎంలన్నిటికీ బ్రిడ్జి చాలు.