కీబోర్డ్ ఆమె చేతిలోనే ఉండనివ్వండి

కోడ్ రివ్యూ అనే పని గురించి సాఫ్ట్‌వేర్ బయటివాళ్ళకు పెద్దగా తెలియదు. ఒకరు రాసిన కోడ్‌ను అసలు ప్రోగ్రామ్‌లో కలిపే ముందు, టీమ్‌లో ఇంకొకరు దాన్ని లైను లైనూ చదవాలి. సందేహం వచ్చినచోట కామెంట్ రాయాలి, సరిపోయిందనిపిస్తే అప్రూవ్ చేయాలి. మా రోజులో పెద్ద భాగం ఇలా పక్కవాళ్ళ కోడ్ చదవడంలోనే గడిచిపోతుంది. ఏళ్ళ తరబడి ఈ పని చేస్తున్నాను. ఆదివారాల్లో, వేరే వృత్తులు వదిలి ఇటు రావాలనుకునే ఆడవాళ్ళకు ప్రోగ్రామింగ్ నేర్పుతున్నాను. ముప్పై దాటాక ఈ రంగంలో అడుగుపెట్టిన మనిషి నిలదొక్కుకుంటుందా, ఏడాది తిరక్కుండానే వెనక్కి పోతుందా అన్నది చాలావరకు ఆమె తొలి నెలల కోడ్‌ను ఎవరు, ఎంత శ్రద్ధగా చదివారన్నదాన్ని బట్టే ఉంటుందని నా గట్టి నమ్మకం.

హైదరాబాద్‌లో ఈ ప్రయాణం ఎక్కువమందికి అమీర్‌పేటలోనే మొదలవుతుంది. మైత్రీవనం చుట్టుపక్కల జావా, పైథాన్, టెస్టింగ్ బ్యానర్ల కింద పొద్దున ఏడింటి బ్యాచ్‌కి వచ్చేవాళ్ళలో అప్పుడే బీటెక్ అయిన పిల్లలతో పాటు ప్రైవేటు స్కూలు టీచర్లు, నర్సులు, ట్యాలీ మీద లెక్కలు రాసినవాళ్ళు, పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసినవాళ్ళు కూడా ఉంటారు. ఇంట్లో వంట చేసి, పిల్లల్ని స్కూలు ఆటో ఎక్కించే పని ఆ పూటకి ఎవరికో ఒప్పజెప్పి వస్తారు. వాళ్ళకు తరచుగా దొరికే మొదటి సలహా, పాత ఉద్యోగం సంగతి రెజ్యూమెలో రాయొద్దని. దాని వెనకే ఇంకో సలహా కూడా వస్తుంది: మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం, ఫలానా కంపెనీలో చేసినట్టు లెటర్ ఇప్పిస్తాం అని. నిజంగా కష్టపడ్డ ఏళ్ళను చెరిపించి, లేని ఏళ్ళను డబ్బుకి అమ్మే ఈ వ్యాపారం మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోతే ఉద్యోగం పోతుంది. దొరక్కపోయినా, మూడేళ్ళ అనుభవం ఉందని చెప్పుకున్నాక పక్క సీటు మనిషిని చిన్న సందేహం కూడా అడగలేదు. అడగలేని చోట నేర్చుకునేదెట్లా?

చెరిపేయమన్న ఆ ఏళ్ళలో ఏముంటుందో మా క్లాసులోనే ఒకసారి చూశాను. వరంగల్‌లో మందుల ఏజెన్సీకి చాలాకాలం లెక్కలు చూసిన ఒకావిడ మా బ్యాచ్‌లో ఉండేది. ఆ వారం అభ్యాసం బిల్లు వేసే ప్రోగ్రామ్. అందరి కోడూ నడిచింది, నేనిచ్చిన టెస్టులన్నీ పాసయ్యాయి. జంటగా కూర్చుని ఒకరి కోడ్ ఒకరు చదవమన్నాను. ఆవిడ పక్కనున్న అమ్మాయి కోడ్ చూసి, “మేడం, ఈ బిల్లు ఆడిట్‌ల ఆగుతది” అంది. కాగితం తీసి లెక్క వేసి చూపించింది. ఒక్కోటి 33 రూపాయల 35 పైసల సరుకు మూడు లైన్లలో ఉందనుకోండి, పన్ను 5 శాతం. లైనుకి 1.6675 రూపాయలు, సవరిస్తే 1.67. మూడూ కలిపితే 5.01. అదే మొత్తం 100.05 మీద ఒకేసారి వేస్తే 5.0025, అంటే 5 రూపాయలు. తేడా ఒక్క పైసా. ఆ అమ్మాయి కోడ్‌లో స్క్రీన్ మీద ఒక పద్ధతి, నెలవారీ రిపోర్టులో ఇంకో పద్ధతి ఉన్నాయి. రెండూ విడివిడిగా తప్పేం కాదు, కానీ ఎన్నటికీ కలవవు. నెలాఖరున ఆ పైసలు వెతుక్కుంటూ రాత్రి దాకా కూర్చున్నవాళ్ళకే అది కంటపడుతుంది. సవరణ ఎక్కడ చేయాలో ఒక్కచోటే తేల్చి, డబ్బును పైసల్లో పూర్ణసంఖ్యగా దాచాలని ఆ రోజు క్లాసంతా నేర్చుకుంది. నేను చెప్పబోయిన పాఠం నాకన్నా ముందే, నాకన్నా బాగా ఆవిడ చెప్పింది.

ఇట్లా మధ్యలో వచ్చినవాళ్ళు ఈ వృత్తికి కొత్తేమీ కాదు. గ్రేస్ హాపర్ వాసర్ కాలేజీలో లెక్కలు చెప్పి, నేవీలో చేరి, 1944లో 37 ఏళ్ళ వయసులో హార్వర్డ్ మార్క్ 1 యంత్రానికి ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టారు. తొలి కంపైలర్లలో ఒకటి ఆమె చేతి మీదుగానే వచ్చింది. నాకు ఇంకా దగ్గరగా అనిపించేది స్టెఫనీ షర్లీ కథ. 1962లో ఇంగ్లండ్‌లో ఆరు పౌండ్ల పెట్టుబడితో కంపెనీ పెట్టారు. పెళ్ళయ్యాకో పిల్లలు పుట్టాకో ఉద్యోగం వదిలిన ప్రోగ్రామర్లను వెతికి తీసుకుని, ఇంట్లోనే పని చేసుకోనిచ్చారు. వాళ్ళు కాగితం మీద పెన్సిల్‌తో కోడ్ రాసేవారు. ఆమె తన పేరుతో రాసిన ఉత్తరాలకు జవాబులు రాకపోతుంటే, ‘స్టీవ్’ అని సంతకం చేయడం మొదలుపెట్టారు. ఫోన్ మోగితే ఇంట్లో పిల్లల చప్పుడు వినబడకుండా టైపు మిషన్ల శబ్దం రికార్డు చేసిన టేపు పెట్టేవారు. కాంకార్డ్ విమానం బ్లాక్ బాక్స్‌కి ప్రోగ్రాములు రాసింది ఆ ఇళ్ళల్లో కూర్చున్న ఆడవాళ్ళే. తొలి మూడువందల మంది సిబ్బందిలో మగ ప్రోగ్రామర్లు ముగ్గురే. 1975లో స్త్రీపురుష వివక్ష నిషేధ చట్టం వచ్చాక మగవాళ్ళకూ తలుపులు తెరవాల్సి వచ్చింది. కాల్‌లో ఉండగా కుక్కర్ కూత వినబడుతుందని మ్యూట్ బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చునే మన అమ్మాయిలకు ఆ టేపు సంగతి తప్పకుండా చెబుతుంటాను.

మళ్ళీ రివ్యూ దగ్గరికి వస్తాను. కటువైన కామెంట్లు మనిషిని కుంగదీస్తాయన్నది అందరికీ తెలిసిందే. అంతకన్నా ఎక్కువగా నేను చూస్తున్నది, మంచితనంలా కనబడే ఇంకో రెండు పద్ధతులు. ఒకటి, చదవకుండా అప్రూవ్ కొట్టేయడం. కొత్తగా వచ్చింది కదా, పోనీలే అనుకుంటారు. ఆ కోడ్ తర్వాత ప్రొడక్షన్‌లో పడిపోతే పేరు మాత్రం ఆమెదే. రెండోది, “మీరు వదిలేయండి, నేను చేసేస్తా” అని కీబోర్డ్ లాక్కోవడం. పది నిమిషాల్లో పని అయిపోతుంది. ఆమె మాత్రం ఏం జరిగిందో తెలియకుండా స్క్రీన్ వైపు చూస్తూ ఉండిపోతుంది. నాలుగుసార్లు ఇలా జరిగితే కష్టమైన పనులు ఆమె దాకా రావు. డాక్యుమెంటేషన్, మీటింగ్ నోట్సు వస్తాయి. ఆ తర్వాత ప్రమోషన్ల దగ్గర, ‘టెక్నికల్‌గా అంత స్ట్రాంగ్ కాదు’ అన్న మాట వస్తుంది.

అందుకే మా క్లాసులో పక్కవాళ్ళ కీబోర్డ్ మీద ఎవరూ చేయి వేయకూడదు, నేను కూడా. తప్పు కనబడితే ప్రశ్న అడగాలి. ‘ఈ లూప్ తప్పు’ అని రాసే బదులు, ‘లిస్టు ఖాళీగా వస్తే ఈ లైను ఏం చేస్తుంది?’ అని రాస్తే ఆమె నడిపి చూస్తుంది, ఎర్రర్ తనే చదువుతుంది, తనే దిద్దుతుంది. పైథాన్‌లో ట్రేస్‌బ్యాక్, అంటే ఎర్రర్ వివరాల చిట్టా, వచ్చినప్పుడు పైనుంచి చదివి బెదిరిపోయేవాళ్ళను, అడుగు లైనుతో మొదలుపెట్టి పైకి రమ్మంటాను. అసలు విషయం అక్కడే ఉంటుంది. దీనికి సమయం పడుతుంది. ఒక్క ఖాళీ లిస్టు మీద పావుగంట గడిచిన రోజులున్నాయి. ఆ పావుగంట ఇవ్వకుండా డైవర్సిటీ గురించి మార్చి 8న ఎంత మాట్లాడినా నాకు తృప్తిగా ఉండదు.

ఆ వరంగల్ ఆవిడ ఇప్పుడు ఒక చిన్న కంపెనీలో బిల్లింగ్ టీమ్‌లో ఉంది. రెజ్యూమెలో అకౌంట్స్ ఏళ్ళన్నీ పైనే రాసుకుంది, ఇంటర్వ్యూలో అడిగింది కూడా వాటి గురించే. కొత్తవాళ్ళ కోడ్ రివ్యూకి ఎక్కువగా ఆవిడ దగ్గరికే వస్తోందట. మొన్న ఫోన్‌లో సంతోషంగానే చెప్పి, చివర్లో, “కానీ మేడం, టైమ్‌షీట్‌ల దానికి కోడ్ లేదు. నా పని రాత్రి కూసోని చేసుకుంటున్న” అంది. చాలా టీముల్లో ఇదే పరిస్థితి. పక్కవాళ్ళకు నేర్పే గంటలు ఎక్కడా లెక్కకు రావు, ఆ గంటలు ఎక్కువగా ఇచ్చేది ఆడవాళ్ళే. మేనేజర్లుగా ఉన్నవాళ్ళు ఈ కాలమ్ చదువుతుంటే నేను అడిగేది ఇదే: టైమ్‌షీట్‌లో రివ్యూకి, నేర్పడానికి ఒక కోడ్ తెరవండి. ఈ అప్రైజల్‌లో ఆ గంటల్ని కూడా లెక్కలోకి తీసుకోండి.