ఈమ్స్ దంపతులు చెంబును అడిగిన ప్రశ్నలు

1958 ఏప్రిల్‌లో భారత ప్రభుత్వానికి ఒక చిన్న నివేదిక అందినది. దాని పేరు "ఇండియా రిపోర్ట్". వ్రాసినవారు అమెరికా దేశపు డిజైనర్లు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు. పలుచని చెక్కపొరలను అతికించి, అచ్చులో వంచి, ఒంటికి ఒదిగే కుర్చీలు చేసి పేరు పొందినవారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఇదే పద్ధతితో అమెరికా నౌకాదళానికి, గాయపడిన కాళ్ళకు కట్టే బద్దలు తయారుచేసి ఇచ్చినారు. నిత్యం వాడే వస్తువుల నాణ్యత త్వరత్వరగా దిగజారుతున్నదనీ, చిన్న పరిశ్రమలకు తోడ్పడేందుకు ఎటువంటి శిక్షణ అవసరమో తెలుపవలసినదనీ ప్రభుత్వం వారిని కోరినది. వారు ఫోర్డ్ ఫౌండేషన్ సహాయంతో దేశం తిరిగి చూచినారు.

ఇటువంటి నివేదికలో ఎవరైనా యంత్రాలనూ, లెక్కలనూ ఎదురుచూస్తారు. అందులో కనిపించేది చెంబు. తాము చూచిన వస్తువులన్నిటిలో దీనికే అగ్రస్థానం ఇచ్చి, దీనిని కొత్తగా రూపొందించవలసివస్తే ఏమేమి ఆలోచించాలో ఆ దంపతులు వరుసగా ప్రశ్నలు వేసినారు. ఎంత నీరు పట్టాలి? ఎత్తే చేయి ఎంతటిది, ఆడవారిదా, మగవారిదా? నిండుగా ఉన్నప్పుడు గరిమనాభి ఎక్కడ, ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కడ? లోపల తోమడానికి మూతి చాలునా? వేడినీళ్ళు పోస్తే పట్టుకోగలమా? రాతిమీద పెట్టినప్పుడు ఏ శబ్దం వస్తుంది? కళ్ళు మూసుకొని తాకితే ఎలా ఉంటుంది? పాతదైన తరువాత లోహానికి ఏ ధర వస్తుంది? దానిని అమ్మితే, ఒకరికి ఇస్తే ఏమనిపిస్తుంది?

బలవిజ్ఞానమూ, ఉష్ణవిజ్ఞానమూ, రసాయనశాస్త్రమూ ఒకే వరుసలో నిలిచి, వాటి పక్కనే మనసుకు సంబంధించిన ప్రశ్నలు రావడం ఈ పుటల గొప్పతనం. "వాడుకరి అనుభవం" అనే మాట డోనాల్డ్ నార్మన్ వంటివారి వల్ల కంప్యూటర్ల రంగంలో ప్రచారం పొందినది 1990 తరువాతనే. అనుభవాన్ని కొలవదగిన విషయాల సరసన కూర్చోబెట్టే పని ఈ నివేదిక అప్పటికే చేసియున్నది. అయితే ప్రశ్నలు వేసి ఊరుకున్నారు, జవాబులు చెప్పలేదు. కొన్నిటికి జవాబు కష్టం కాదు. చెంబు అంచు బయటికి వంగి సన్నగా ముగుస్తుంది గనుక నీరు గోడను అంటుకొని కిందికి జారక ధారగా విడిపోతుంది. మెడ పట్టుకొన్నప్పుడు బరువంతా చేతికి కింద ఉంటుంది గనుక పట్టు కొంచెం సడలినా చెంబు తలకిందులు కాదు. పల్లెటూరి ఆడవారు చింతపండుతో, బూడిదతో తోమి ఇత్తడిని బంగారంలా మెరిపిస్తారని నివేదిక మెచ్చుకొన్నది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం లోహంపై పట్టిన నల్లని ఆక్సైడును కరిగిస్తుంది. బూడిదలోని క్షారం జిడ్డును వదిలిస్తుంది. కాని ఆ ఆమ్లమే ఇత్తడి గిన్నెలో చారు కాచినప్పుడు లోహాన్ని కరిగించి చారును చేదెక్కిస్తుంది. గిన్నెలకు లోపల కళాయి పూయించడం అందుకే. పాత్ర తనలోని పదార్థాన్ని ఏమి చేస్తుందన్న ప్రశ్నకు తెలుగు వంటిళ్ళు ఏనాడో చెప్పిన జవాబు అది.

తెలుగు పాఠకుడు ఇక్కడొకచోట ఆగకతప్పదు. నివేదికలోని "లోటా" చేతిలో ఇముడుతుంది, చంకలో ఒదుగుతుంది, తలమీదికీ ఎక్కుతుంది. తెలుగు ఇంట ఇవి ఒక్క వస్తువు పనులు కావు. చేతికి చెంబు, చంకకు బిందె, తలమీదికి చుట్టకుదురుతో సహా కడవ. మూటికీ మూతి వేరు, మెడ వేరు, అడుగు వేరు. దూరం నుంచి చూచినవారికి ఈ కుటుంబమంతా ఒకే మనిషిగా కనిపించినది. ఇది పేర్ల పొరపాటు మాత్రమే కాదు. అన్ని ప్రశ్నలకూ ఒకే పాత్ర జవాబు కాగలదన్న నమ్మకం దీనినుంచే పుట్టినది.

రెండవ లోపం ఇంకా పెద్దది. ఎంత నీరు తేవాలి, మోయాలి అనే మొదటి ప్రశ్ననే నివేదిక "నిర్ణీత పరిస్థితులలో" అనే అర్థంతో అడుగుతుంది. ఆ పరిస్థితులను నిర్ణయించినది ఎవరు? బావి ఎంత దూరం? ఒక్క మిల్లీమీటరు మందం ఉన్న 15 లీటర్ల గుండ్రని ఇత్తడి బిందెను ఊహించుకొంటే, దాని బరువు సుమారు రెండున్నర కిలోలు. అదే కొలతలో పాలిథీన్ బిందె మందం రెట్టింపు చేసినా ముప్పావు కిలోకు లోపే ఉంటుంది. ఎందుకంటే ఇత్తడి సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 8.5 గ్రాములు, పాలిథీన్‌ది 1 గ్రాము కూడా లేదు. లోహం నుంచి ప్లాస్టిక్కుకు మారితే నడుముకు మిగిలేది రెండు కిలోలు. నీటి బరువు పదిహేను కిలోలు అలాగే ఉంటుంది. ఏ రూపకర్తా దానిని తగ్గించలేడు. తగ్గించగలిగినది నడక ఒక్కటే, అది పాత్ర పని కాదు, కుళాయి పని. మోసే స్త్రీ చేతి బలాన్ని అడిగినవారు ఆమె నడిచే దారి పొడవును అడగలేదు. అందమైన నడక అని మెచ్చుకోవడానికి ముందు అది రోజుకు ఎన్నిసార్లో లెక్క వేయవలసియుండినది.

నివేదికలో మిగిలిన భాగం ఒక సంస్థ స్థాపనను గూర్చినది. పరిశోధన, శిక్షణ, సేవ కలిసి సాగాలని అందులో సూచన. 1961లో అహ్మదాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఏర్పడినది గనుక ఆ సూచన వృథా పోలేదు.

చెంబును ఏ ఒక్కరూ రూపొందించి ఉండరనీ, తరతరాలవారు దిద్దుతూ వచ్చినారనీ ఈమ్స్ దంపతులు అన్నారు. నిజమే. ఐతే ఆ దిద్దుబాటు ఎలా జరిగేదో చెప్పలేదు. చొట్టపడిన బిందెను ఇల్లాలు కంచరి వద్దకు పంపేది. అడుగు త్వరగా అరుగుతున్నదని ఫిర్యాదు చేసేది. పాత ఇత్తడి తూకానికి ఇచ్చి కొత్తది తీసుకొనేది. వాడినవారి మాట చేసినవాని చెవికి చేరే దారి అది. ప్లాస్టిక్కు బిందె పగిలితే ఆ మాట అచ్చుపోసిన కార్ఖానాదాకా పోదు. నాణ్యత ఎందుకు దిగజారుతున్నదని ప్రభుత్వం అడిగిన ప్రశ్నకు ఇక్కడొక జవాబు ఉండినది.

చివరి ప్రశ్న, ఒకరికి ఇస్తే ఏమనిపిస్తుందన్నది, నివేదికలో అన్నిటికంటె చురుకైనది. పెళ్ళిలో ఇచ్చిన ఇత్తడి బిందెమీద ఇచ్చినవారి పేరు చెక్కించియుంటుంది. ప్లాస్టిక్కు బిందెమీద ఎవరూ పేరు చెక్కించరు. పేరున్న బిందె అటకమీద ఉన్నది, పేరు లేనిది కుళాయి కింద ఉన్నది.