అదనపు సాలు

పావగడ చేలల్లో చెనిక్కాయ విత్తనం పడేది ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో. గొర్రు వెనక తాడుతో కట్టిన వెదురు గొట్టం పట్టుకుని ఒక ఆడమనిషి నడుస్తుంది. ఏడో పదకొండో సాళ్ళు చెనిక్కాయ పడ్డాక ఒక సాలు కంది. పిడికిట్లోంచి గింజలు ఒక్కొక్కటే గొట్టంలోకి జారుతుంటాయి. చెయ్యి ఆగిందా, మొలకల్లో సందు పడుతుంది. ఈ కంది సాలునే ‘అక్కడి సాలు’ అంటారు.

వానలు బాగా పడిన ఏడు చూస్తే ఆ సాలు దండగే. అక్కడా చెనిక్కాయే వేసుంటే ఇంకాస్త దిగుబడి వచ్చేది కదా అనిపిస్తుంది. కానీ మాది కరువు సీమ. ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే చెనిక్కాయ కాయ పట్టదు. కంది వేరు లోతుకు పోతుంది, పైగా అది ఐదారు నెలల పంట. ఎండను ఓర్చుకుని నిలబడి, చిత్త స్వాతి వానలు అందుకుంటుంది. ఆ ఏడాది ఇంటికి చేరేది ఆ నాలుగు గింజలే.

పత్రికలో నా పని దీనికి తలకిందులు. చెప్పిందే చెబితే పునరుక్తి దోషమని కొట్టేస్తాను. వేదపండితుడైతే ఘనపాఠంలో పదాలను ముందుకీ వెనక్కీ తిప్పి పదేపదే చెబుతాడు; ఒక్క అక్షరం జారినా ఆ తిప్పుళ్ళలో దొరికిపోతుంది. ప్రయాణికుల విమానంలో ఇద్దరు పైలట్లు ఉండేదీ ఇలాంటి జాగ్రత్తకే. తప్పితే మళ్ళీ దిద్దుకోగలిగిన చోట అదనం బరువు. దిద్దుకునే వీలు లేని చోట అదే ప్రాణం.

మరి మనుషులే అదనమైపోతే? మా పావగడ తాలూకాలో తిరుమణి చుట్టుపక్కల ఐదు ఊళ్ళలో, దాదాపు 13,000 ఎకరాల్లో, 2,050 మెగావాట్ల సోలార్ పార్కు 2019 నాటికి పూర్తయింది. భూమి ఇచ్చిన రైతుకు ఎకరాకు ఏటా 21,000 రూపాయలతో మొదలైన కౌలు, వాన పడినా పడకున్నా అందుతోంది. సంతోషమే. గొట్టం పట్టుకుని నడిచిన కూలిమనిషికి మాత్రం చేనూ లేదు, కౌలూ లేదు. బ్రిటన్లో పని తగ్గి ఉద్యోగిని తీసేస్తే పరిహారం ఇవ్వాలని 1965లోనే చట్టం తెచ్చారు. సేద్యం ఆగి పని పోయిన కూలికి మన దగ్గర అలాంటి హక్కేదీ?

ఇకమీదట ఏ పార్కుకు భూమి అడిగినా సర్వే నంబర్లతో పాటు ఆ చేలల్లో కూలికి పోయేవాళ్ళ పేర్లూ రాయాలి. కౌలులో వాళ్ళకూ వాటా ఉండాలి.