ఎర్ర ఇంజను బండి

వోల్వో అనగానే మనవాళ్ల కళ్లముందు మెదిలేది రాత్రి హైదరాబాదులో ఎక్కితే తెల్లారేసరికి ఊరు చేర్చే ఏసీ బస్సు. ఆ బస్సులు మన దేశపు రోడ్ల మీదికి 2001లో వచ్చాయి. అదే పేరుతో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 1927 నుంచీ కార్లు తయారవుతున్నాయని నాకు అమెరికా వచ్చాకే తెలిసింది. నేను కొన్న 1994 మోడల్ 940 టర్బో స్టేషన్ వ్యాగన్ అప్పటికే మూడు చేతులు మారింది. పెట్టెలా నాలుగు పలకల ఒళ్లు, వెనక మంచం పట్టేంత జాగా. బండితోపాటు పాత యజమాని ఒక నోటు పుస్తకం ఇచ్చాడు. ఏ తేదీన, ఎన్ని మైళ్ల దగ్గర ఏ పని చేశాడో అన్నీ అందులో రాసి ఉన్నాయి. ఈ వ్యాసానికి మూలం ఆ పుస్తకమే.

బానెట్ ఎత్తితే ఎర్ర రంగు వేసిన ఇనుప దిమ్మ కనిపిస్తుంది. అందుకే ఈ బళ్ల మీద ప్రేమున్నవాళ్లు దాన్ని రెడ్‌బ్లాక్ అంటారు. బీ230ఎఫ్‌టీ దాని అసలు పేరు. నాలుగు సిలిండర్లు, 2,316 సీసీ, అమెరికాకు పంపిన బళ్లలో 162 హార్స్ పవర్. ఇంజను పొడవుగా కూర్చుని ఉంటుంది, దాని రెండు పక్కలా చెయ్యి దూరేంత చోటు. ఈ చోటు చిన్న విషయం కాదు. ఇప్పటి కార్లలో ఒక హోసు పైపు మార్చాలంటే ముందు నాలుగు భాగాలు విప్పాలి. ఇందులో దాదాపు ప్రతి బోల్టూ కంటికి కనిపిస్తుంది, పానాకు అందుతుంది. ఇంటి దగ్గర పని నేర్చుకునేవాడికి ఇంతకంటే మంచి బడి లేదని నా నమ్మకం.

కానీ నేను ఆ బడిలో తప్పు పాఠంతో మొదలుపెట్టాను. కొన్న మొదటి వారమే టర్బో ఒత్తిడిని, అంటే బూస్టును, పెంచే చిన్న వాల్వు తెచ్చి బిగించాను. బండి రెక్కలొచ్చినట్టు పరిగెత్తింది. నెల తిరక్కుండానే ఇంజను వెనక ఆయిల్ సీలు లోంచి నూనె కారడం మొదలైంది. ఆ సీలు ఖరీదు తక్కువే, కానీ దాన్ని చేరాలంటే గేరుబాక్సు దించాలి. మూడు వారాంతాలు నేల మీద వెల్లకిలా పడుకుని ఆ పని చేశాను. అప్పుడు నోటు పుస్తకం మొదటి పేజీ నుంచి చదివాను. ఆయిలు మార్చిన తేదీలు ఉన్నాయి, బ్రేకులున్నాయి, బెల్టులున్నాయి. ఇంజను లోపలి ఒత్తిడిని బయటికి పంపే బ్రీదర్ డబ్బా మార్చిన ఊసు మాత్రం ఎక్కడా లేదు.

పాత టర్బో వోల్వోలు పెంచుకునేవాళ్లలో ‘స్టేజ్ జీరో’ అనే మాట ఉంది. బండి బలం పెంచే మార్పుల్ని స్టేజ్ ఒకటి, రెండు అని లెక్కపెడతారు. సున్నా అంటే వీటన్నిటికంటే ముందు బండిని ఫ్యాక్టరీలోంచి వచ్చినప్పటి ఆరోగ్యానికి తీసుకురావడం. ఇందులో బలం పెంచే సామానేమీ కొనక్కర్లేదు, ఉన్నదాన్ని బాగుచేయాలి, అంతే. ఈ సంప్రదాయంలో అసలు విద్యంతా ఈ సున్నాలోనే ఉంది.

బ్రీదర్ సంగతే చూడండి. పిస్టన్ ఎంత గట్టిగా పట్టినా, మండిన వాయువు కొంత రింగుల సందుల్లోంచి కిందికి, ఆయిలు ఉండే అరలోకి జారుతుంది. టర్బో ఇంజనులో ఒత్తిడి ఎక్కువ కాబట్టి అలా జారేదీ ఎక్కువే. ఆ వాయువు బయటికి పోవడానికి ఇన్‌టేక్ మానిఫోల్డు కింద, ఇంజను దిమ్మకు ఆనుకుని ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, అదే బ్రీదర్ డబ్బా. అది నూనె తుంపరల్ని వేరుచేసి, వాయువును మళ్లీ టర్బో ముందున్న గొట్టంలోకి పంపుతుంది. ఏళ్ల తరబడి మడ్డి పేరుకుని డబ్బా మూసుకుపోతే లోపలి ఒత్తిడికి దారి ఉండదు. ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ తోసుకుని బయటికొస్తుంది. బలహీనమైన చోటంటే ఆయిల్ సీలే. పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీసి, ఆ నోటికి ఒక రబ్బరు చేతి తొడుగు తగిలించండి. తొడుగు లోపలికి పీల్చుకుంటే దారి బాగుంది. పొంగి అయిదు వేళ్లూ నిలబడితే డబ్బా మూసుకుపోయింది. నేను బూస్టు వాల్వు కొన్న రోజున ఈ పని చేసి ఉంటే గేరుబాక్సు దించే అవసరమే వచ్చేది కాదు.

రెండో విద్య గాలి లీకులు పట్టడం. లోపలికి ఎంత గాలి వెళ్తోందో ఎయిర్ మాస్ మీటరు కొలుస్తుంది, ఆ లెక్కకు తగ్గట్టు కంప్యూటరు పెట్రోలు వదులుతుంది. మీటరు దాటాక, టర్బోకు ముందున్న గొట్టం చిరిగితే, లెక్కకు రాని గాలి లోపలికి చేరి మిశ్రమంలో పెట్రోలు తగ్గుతుంది. టర్బో దాటాక చిరిగితే, బండి ఒత్తిడి మీదున్నప్పుడు లెక్కలోకి వచ్చిన గాలి బయటికి పోయి పెట్రోలు ఎక్కువవుతుంది, నల్లపొగ వస్తుంది. లీకు వెతకడానికి పనిముట్టు ఇంట్లోనే తయారవుతుంది. టర్బోకు గాలి తెచ్చే గొట్టం మూతికి సరిపోయే ప్లాస్టిక్ పైపు మూత తీసుకుని, దానికి రంధ్రం పెట్టి టైరు వాల్వు బిగించాలి. క్లిప్పు వేసి, సైకిలు పంపుతో కొద్దిగా గాలి నింపి, జాయింట్లన్నిటి మీదా సబ్బు నీళ్లు చల్లితే లీకున్న చోట బుడగలు లేస్తాయి. పంక్చరు షాపులో ట్యూబును నీళ్లలో ముంచి చూసే పద్ధతే ఇది. నా బండిలో నాలుగు చోట్ల బుడగలొచ్చాయి.

కరెంటు పనుల్లో ఈ బళ్లకు బాగా తెలిసిన జబ్బు ఒకటుంది. ఎండలో కాసేపు ఆపి మళ్లీ తాళం తిప్పితే ఇంజను పట్టదు. గంట తర్వాత ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. చాలాసార్లు దోషం ఫ్యూయల్ పంపు రిలేలో ఉంటుంది. దాని పెట్టె ఊడదీసి భూతద్దం పెట్టి చూస్తే, టంకం చుట్టూ వెంట్రుకంత పగులు కనిపిస్తుంది. పాత టంకం కరిగించి కొత్తది వేస్తే రిలే మళ్లీ ఏళ్లపాటు పనిచేస్తుంది. 1980ల మొదట్లో, మధ్యలో వచ్చిన 240, 740 బళ్లు కొనేవాళ్లు ఇంజను వైర్లు కూడా వంచి చూడాలి. ఆ ఏళ్ల వైర్ల పైతొడుగు పెళుసుబారి చేతికి రాలుతుంది. మా బండి కాలానికి అది సరిచేశారు, పైగా తప్పులు చెప్పే చిన్న పెట్టె కూడా బానెట్ కిందే పెట్టారు. వైరు రెండో రంధ్రంలో గుచ్చి బటను నొక్కితే ఎర్ర దీపం మిణుకుతుంది. ఒకటి, ఒకటి, ఒకటి అని మిణికితే పెట్రోలు వ్యవస్థలో తప్పు ఏదీ నమోదు కాలేదని అర్థం.

టైమింగ్ బెల్టు 80,000 కిలోమీటర్లకోసారి మార్చాలి. ఎనిమిది వాల్వుల ఈ ఇంజనులో బెల్టు తెగినా పిస్టన్లు వాల్వులకు తగలవు, బండి ఆగిపోతుందంతే. దీని తోబుట్టువైన పదహారు వాల్వుల బీ234కు ఆ అదృష్టం లేదు.

ఇక టర్బో. ఇంజను వదిలేసే పొగ వేగంతో ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం గాలిని ఒత్తి సిలిండర్లలోకి నెడుతుంది. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది, దాన్ని మోసేది పల్చని నూనె పొర మాత్రమే. కాబట్టి ఆయిలు విషయంలో పిసినారితనం పనికిరాదు. ఎనిమిది వేల కిలోమీటర్లు దాటనివ్వను. గట్టిగా తోలి వచ్చాక ఒకటి రెండు నిమిషాలు ఇంజను నెమ్మదిగా ఆడనిచ్చి ఆపుతాను. వెంటనే ఆపేస్తే కదలని నూనె ఆ వేడికి మాడి బొగ్గవుతుంది. ఏడాదికోసారి గొట్టం విప్పి ఇరుసును వేళ్లతో కదిపి చూస్తాను. పక్కలకు వెంట్రుకవాసి ఆట ఉండటం మామూలే. ముందుకీ వెనక్కీ కదిలితే మాత్రం టర్బోకు రోజులు దగ్గరపడ్డాయన్నమాట.

ఇవన్నీ అయ్యాకే బూస్టు పెంచాలి. కంపెనీ ఇచ్చిన ఒత్తిడి పది పీఎస్ఐ లోపే. ఒత్తిడి హద్దు దాటకుండా కొంత పొగను టర్బో చక్రం పక్కనుంచి పంపేసే తలుపు ఉంటుంది, దాన్ని వేస్ట్‌గేట్ అంటారు. దాన్ని తెరిచే గాలిపైపులో చిన్న వాల్వు పెట్టి, తలుపు కాస్త ఆలస్యంగా తెరుచుకునేట్టు చేయడమే బూస్టు పెంచడం. పని పది నిమిషాలది, ప్రమాదం పెద్దది. గాలి పెరిగి పెట్రోలు చాలకపోతే సిలిండరులో మంట అదుపు తప్పి గుళ్లు రాలినట్టు టకటకలాడుతుంది. నాక్ సెన్సరు దాన్ని పసిగట్టి ఇగ్నిషన్ వెనక్కి జరుపుతుంది గానీ, దాని శక్తికీ హద్దుంది. పిస్టన్లు పగిలేది ఇక్కడే. అందుకే ముందు మీటర్లు, తర్వాత వాల్వు. ఒకటి బూస్టు గేజి, రెండోది గాలికీ పెట్రోలుకూ నిష్పత్తి చూపే వైడ్‌బ్యాండ్ సెన్సరు. మామూలు నడకలో అది 14.7 చుట్టూ చూపాలి. పూర్తి బూస్టులో 12కి కాస్త లోపల ఉండాలి. నేను ఒక్కో పీఎస్ఐ పెంచుతూ, ప్రతిసారీ ప్లగ్గులు విప్పి రంగు చూసుకుంటూ పన్నెండు పీఎస్ఐ దగ్గర ఆపాను. లేత ఇటుక రంగు నాకు కావలసిన రంగు. 1980లలో వచ్చిన బీ230 ఇంజన్లకు కనెక్టింగ్ రాడ్లు సన్నం, తర్వాత కంపెనీయే వాటిని లావు చేసింది. పాత ఇంజను ఉన్నవాళ్లు ఇంకా ముందే ఆగాలి. క్యాటలిటిక్ కన్వర్టరు పీకేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. అమెరికాలో అది చట్టవిరుద్ధం, ఊరి గాలికీ మంచిది కాదు. నేను తాకలేదు.

కాళ్లు గట్టిగా లేని బండికి బలం ఎందుకు? వెనక ఇరుసును పట్టే చేతుల రబ్బరు బుష్షులన్నీ మార్చాను. అక్కడొక మెళకువ ఉంది. బండి జాకీ స్టాండ్ల మీద ఉండగా బుష్షు బోల్టు చివరిదాకా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆని, బరువు పడ్డాకే బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి ఏడాదికే చిరుగుతుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి ఎవరూ దూరొద్దు. ఇది బతిమాలి చెబుతున్న మాట.

పెట్టె ఆకారం చూసి దీన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లకు 1985 గుర్తుచేయాలి. ఆ ఏడు యూరోపియన్ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్‌ను థామస్ లిండ్‌స్ట్రామ్, జాన్‌ఫ్రాంకో బ్రాంకటెల్లి ఈ ఇంజను వంశానికే చెందిన 240 టర్బోలో గెలిచారు. మరుసటి ఏడు ఆస్ట్రేలియా టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్‌ను అదే మోడలు కారుతో రాబీ ఫ్రాన్సెవిక్ గెలిచాడు. ఎగిరే ఇటుక అని పేరొచ్చింది. రేసు బండిలో 300కు పైగా హార్స్ పవర్ మోసింది ఇలాంటి ఇనుప దిమ్మే.

1974లో మొదలైన 240ని మార్చి దాని స్థానంలో పెట్టాలని 740 తెచ్చారు. 740 తయారీ 1992లో ఆగింది, 240 మాత్రం 1993 దాకా నడిచింది. జనం వదలని బండి అది. ఇన్నేళ్లు ఇంజను స్వభావం మారకపోవడం వల్ల ఒక మోడలు భాగం ఇంకోదానికి సరిపోతుంది, పాత బళ్ల యార్డులో ఇప్పటికీ దొరుకుతుంది. కంపెనీ మెకానిక్కుల కోసం అచ్చువేసిన ఆకుపచ్చ అట్టల పుస్తకాలు చేతులు మారుతూ తిరుగుతున్నాయి. కంప్యూటరు పాస్‌వర్డు లేకుండా మనిషి తన కళ్లతో, చెవులతో, వేళ్లతో అర్థం చేసుకోగలిగిన ఆఖరి తరం యంత్రాల్లో ఇదొకటి. ఇలాంటివి నిలబెట్టుకోవడం అవసరమని నేను గట్టిగా అనుకుంటున్నాను.

పాత యజమాని పుస్తకంలో ఇప్పుడు నా చేతిరాత పదకొండు పేజీలుంది. మీ దగ్గరా ఇలాంటి పాత టర్బో బండి ఉంటే, వాల్వు కొనే ముందు బ్రీదర్ డబ్బా ఎప్పుడు మార్చారో రాసి ఉందేమో చూడండి. రాసి లేకపోతే ఈ ఆదివారమే ఇంజను స్టార్టు చేసి, ఆయిలు మూత తీసి, చేతి తొడుగు తగిలించి చూడండి.