ఇంజిన్ ఒకటే, పేర్లు నాలుగు

డిజైర్ నడిపే డ్రైవరు విస్టా ఇంజిన్‌ని మెచ్చుకోగా నేను వినలేదు. విస్టా తోలినవాళ్లు డిజైర్ ఇంజిన్‌ని మెచ్చుకున్నదీ లేదు. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే దారిలో, సూర్యాపేట దగ్గర టీకి ఆగినప్పుడు ఈ వాదన ఎత్తుకున్నారంటే గ్లాసులు ఖాళీ అయినా వాదన తెగదు. ‘మైలేజీ అంటే మారుతిదే, ఆ ఇంజిన్ ఎవరికీ రాదు’ అంటాడొకడు. ‘లాగుడు కావాలంటే టాటానే, బండి నిండా జనాన్ని ఎక్కించి చూడు’ అంటాడు ఇంకొకడు. ఫియట్ పుంటో ఉన్నవాడు అరుదుగా తగులుతాడు కానీ, తగిలాడంటే మిగతా ఇద్దరికీ బండి నడపడమే రాదని తేల్చేస్తాడు.

ఆ మూడు బళ్లనూ పక్కపక్కన నిలబెట్టి బానెట్లు ఎత్తితే కనిపించేది ఒకే డీజిల్ ఇంజిన్. 1248 సీసీ, నాలుగు సిలిండర్లు, కామన్ రైల్, పక్కన అరచేతిలో పట్టేంత టర్బో. ఇటలీ కంపెనీ ఫియట్, అమెరికా కంపెనీ జనరల్ మోటార్స్ కలిసి తయారుచేసి 2003లో యూరప్‌లో విడుదల చేశాయి. ఫియట్ దీన్ని మల్టీజెట్ అంది, జనరల్ మోటార్స్ వారి ఒపెల్ సీడీటీఐ అంది, మారుతి డీడీఐఎస్ అంది, టాటా క్వాడ్రాజెట్ అంది. 2007 జనవరిలో స్విఫ్ట్‌తో మన రోడ్ల మీదికి వచ్చింది. ఆ తర్వాత డిజైర్, రిట్జ్, విస్టా, మాంజా, పుంటో, లీనియా, ఎర్టిగా, షెవ్రోలే సెయిల్, ఇలా ఎన్ని బళ్లలో దూరిందో చెప్పుకుంటూ పోతే ఈ కాలమ్ సరిపోదు. మారుతికి కావలసినవి హర్యానాలోని మానేసర్‌లో లైసెన్సు మీద తయారయ్యేవి. ఫియట్, టాటా బళ్లవి పుణె దగ్గర రంజన్‌గావ్‌లో తయారయ్యేవి.

కార్ల గురించి రాస్తానని తెలిసినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ‘ఏ కంపెనీ మంచిది’ అనే. ఏ ఇంజిన్ అని అడిగేవాళ్లు తక్కువ, ఏ టర్బో అని అడిగేవాళ్లు మరీ తక్కువ. అలాగని కంపెనీ పేరు పట్టుకుని వాదించుకునే డ్రైవర్లను తేలిగ్గా తీసిపారేయడం నాకు చేతకాదు. వాళ్ల అభిమానానికి గట్టి కారణాలే ఉన్నాయి. కాకపోతే ఆ కారణాల్లో ఎక్కువ భాగం ఇంజిన్ బయట ఉన్నాయి.

ముందు ఇంజిన్ లోపలి సంగతి చెప్పాలి, ఎందుకంటే అక్కడా కొంత నిజం ఉంది. ఒకే బస్తాలో బియ్యం ఇద్దరు వండితే రెండు రుచులు వచ్చినట్టు, ఒకే ఇంజిన్‌ని రెండు కంపెనీలు రెండు రకాలుగా ట్యూన్ చేస్తాయి. స్విఫ్ట్‌లోనూ విస్టాలోనూ టార్క్ 190 న్యూటన్ మీటర్లే. కానీ స్విఫ్ట్‌లో అది 2000 ఆర్‌పీఎం దగ్గర పూర్తిగా అందుతుంది, విస్టాలో 1750కే అందుతుంది. కాగితం మీద 250 తేడా అంటే ఏమంత అనిపించదు. ట్రాఫిక్‌లో సెకండ్ గేర్‌లో పాకుతూ పోయేవాడికి, స్పీడ్ బ్రేకర్ దాటి మళ్లీ లేపేవాడికి ఆ 250లోనే ఉంది తేడా అంతా. ‘టాటా లాగుతుంది’ అన్న మాట అక్కడ పుట్టింది. పుంటో బరువు ఎక్కువ, స్టీరింగ్ హైడ్రాలిక్, అందుకే హైవే మీద ఆ బండి కదలకుండా నిలబడి పోతుంది. దాని యజమాని చెప్పేదీ అబద్ధం కాదు. ఇక ఎర్టిగా, లీనియా, మాంజా లాంటి వాటిలో ఇదే ఇంజిన్‌కి వేరియబుల్ జామెట్రీ టర్బో పెట్టి 75 గుర్రాల శక్తిని 90 చేశారు. ఇంజిన్ బ్లాకు అదే, సీసీ అదే, మారింది ముఖ్యంగా టర్బోనే.

టర్బో చేసే పని చెప్పడానికి చాలా తేలిక. సైలెన్సర్‌లోంచి వృథాగా పోయే వేడి పొగతో ఒక చక్రం తిరుగుతుంది. ఆ చక్రం ఉన్న ఇరుసుకే రెండో కొసన ఇంకో చక్రం ఉంటుంది, అది బయటి గాలిని లాగి ఒత్తిడితో సిలిండర్లలోకి తోస్తుంది. గాలి ఎక్కువ పోతే డీజిల్ ఎక్కువ మండించవచ్చు. ఆల్ఫ్రెడ్ బ్యూషీ అనే స్విట్జర్లాండ్ ఇంజినీరు ఈ ఆలోచనకి 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. అది ముందు ఓడల్లోకి వెళ్లి, కార్లలోకి రావడానికి అర్ధ శతాబ్దం దాటింది. చెప్పడానికి తేలికైన ఈ పనిని చేయడం ఎంత కష్టమో ఆ ఇరుసు వేగం చూస్తే తెలుస్తుంది. మన చిన్న కార్ల టర్బోలో అది నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరుగుతుంది. ఒక కొసన వందల డిగ్రీల పొగ, రెండో కొసన బయటి గాలి, మధ్యలో ఆ ఇరుసుని తేల్చి పట్టుకునేది పలచని ఆయిల్ పొర మాత్రమే.

శ్రీశైలం ఘాట్‌లో ఈ టర్బో స్వభావం బాగా తెలుస్తుంది. దోమలపెంట దాటి కిందికి దిగి, కృష్ణ దాటాక ఎక్కుడు మొదలవుతుంది. హెయిర్‌పిన్ మలుపులో వేగం తగ్గి ఇంజిన్ 1500 ఆర్‌పీఎం దగ్గరకి పడిందా, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి మూలుగుతుందే గాని కదలదు. పొగ బలం చాలక టర్బో చక్రం ఇంకా వేగం అందుకోలేదన్న మాట. గేర్ దించితే ముల్లు రెండు వేల మీదికి లేస్తుంది, సన్నగా ఈల వినిపిస్తుంది, అప్పుడు వీపుని సీటుకి నొక్కేస్తూ బండి లేస్తుంది. ఈ బళ్లతో బాగా అలవాటున్న డ్రైవరు మలుపు రాకముందే గేర్ దించేస్తాడు. లెక్కలేవీ వేయడు, కాలికీ చేతికీ తెలిసిపోతుంది. నేను ఇలాంటి డ్రైవర్ల పక్కన కూర్చుని ఎంతో నేర్చుకున్నాను. కంపెనీ మీద వాళ్ల అభిమానం చాలావరకు ఇక్కడే మొదలవుతుందని నా నమ్మకం. ఒక బండికి కాలు అలవాటు పడ్డాక, ఇంకో బండి ఈల వేసే చోటు వేరుగా ఉంటే ‘పికప్ లేదు’ అనేస్తారు.

షెడ్డులో ఈ అభిమానాలు మరో రకంగా కనిపిస్తాయి. ‘టర్బో పోయింది’ అన్న మాట విని గుండెలు బాదుకుంటూ వచ్చినవాళ్లని చాలామందిని చూశాను, ఎందుకంటే కొత్త టర్బో ఖరీదు పాత బండి యజమాని మోయగలిగేది కాదు. నాకు తెలిసిన మేస్త్రీ తొందరపడడు. ముందు ఇంటర్‌కూలర్ హోస్ పైపుని వేళ్లతో ఒత్తి, తిప్పి చూస్తాడు. చాలాసార్లు అక్కడే, క్లిప్పు కింద, సన్నటి చీలిక దొరుకుతుంది. ఆ చీలికలోంచి గాలి పోతుంది కాబట్టి బండి నల్ల పొగ కక్కుతుంది, లాగదు. టర్బోకి ఏమీ కాలేదు. హోస్ బాగుంటే అప్పుడు పైపు ఊడదీసి చక్రం కొసని రెండు వేళ్లతో పట్టుకుంటాడు. అటూ ఇటూ కొంచెం కదిలితే పర్వాలేదంటాడు, అక్కడ ఆయిల్ నిండడానికి అంత ఖాళీ ఉండాలి. ముందుకీ వెనక్కీ కదిలిందా, ముఖం మారుస్తాడు. తర్వాత టార్చి వేసి రెక్కల అంచులు గూడుకి రాసుకున్న గీతలేమైనా ఉన్నాయేమో చూస్తాడు, పైపు లోపల వేలు పెట్టి ఆయిల్ తడి మాత్రమే ఉందా, మడుగు కట్టిందా అని చూస్తాడు. ఇంత చూశాకే టర్బో మాట ఎత్తుతాడు. ఆ షెడ్డుకి వచ్చేవాళ్లంతా తమది ఫలానా కంపెనీ అభిమానం అనుకుంటారు. నా కళ్లకి మాత్రం వాళ్ల నమ్మకంలో సగం ఆ మేస్త్రీ వేళ్ల మీద ఉన్నట్టు కనిపిస్తుంది.

ఫియట్ కథ తలచుకుంటే నాకు బాధగా ఉంటుంది. ఇంజిన్ వాళ్లది. దాన్ని పెట్టుకున్న స్విఫ్ట్ కోసం జనం నెలల తరబడి ఎదురుచూశారు. అదే ఇంజిన్‌తో పుంటో, లీనియా షోరూముల్లో కదల్లేదు. చాలా ఏళ్లు ఆ బళ్లు టాటా డీలర్ల దగ్గరే అమ్ముడుపోవాల్సి వచ్చింది. 2019 నాటికి ఫియట్ కార్లు మన మార్కెట్‌లోంచి వెళ్లిపోయాయి. ఇంజిన్ బాగుంటే చాలు, బండి తనంతట అదే అమ్ముడుపోతుందనుకునేవాళ్లకి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు. నల్గొండలోనో నంద్యాలలోనో క్లచ్ ప్లేట్ ఆ పూటే దొరుకుతుందా, అమ్మబోతే ఎంత వస్తుంది, ఇవే డ్రైవరు అడిగే ప్రశ్నలు. టాక్సీ ఒక రోజు షెడ్డులో నిలబడితే ఆ రోజు ఇంట్లో డబ్బుల్లేవు. అలాంటివాడికి బ్రాండ్ మీద అభిమానం అంటే పొట్టకూటి లెక్క, మోజు కాదు.

కంపెనీ వైపు నుంచి ఆలోచిస్తే 1962 నాటి ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ గుర్తొస్తుంది. అమెరికాలో టర్బోతో అమ్మిన మొదటి కార్లలో అదొకటి. ఇంజిన్ లోపల మంట అదుపు తప్పకుండా నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని ఒక ట్యాంకులో పోస్తూ ఉండాలి. కొన్నవాళ్లలో చాలామంది అది పోయలేదు, పోయకపోతే టర్బో పూర్తి బలం ఇవ్వదు. చివరికి ఎన్నో బళ్లకి టర్బో పీకేసి మామూలు కార్బురేటర్ బిగించారు. ఆలోచన గొప్పదే, కానీ రోజూ బండి నడిపే మనిషి అలవాట్లని లెక్కలోకి తీసుకోలేదు. పదిహేనేళ్ల తర్వాత స్వీడన్ కంపెనీ సాబ్ ఆ పని చేసింది. రేసు కార్లలోలా కాకుండా, మామూలు వేగాల్లోనే బలం అందేలా టర్బోని అమర్చి 99 టర్బోని తెచ్చింది. సాబ్ 2011 చివర్లో దివాలా తీసినా, ఆ బళ్లను ప్రాణంగా చూసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు.

బీఎస్ 6 నిబంధనలతో 2020 ఏప్రిల్ నుంచి మన దగ్గర ఆ 1248 సీసీ ఇంజిన్ కథ ముగిసింది. కథ ముగిసింది గాని కథాంశం అలాగే ఉంది. జీప్ కంపాస్, టాటా హారియర్, ఎంజీ హెక్టర్ డీజిల్ బళ్ల యజమానులు ఒకరినొకరు తక్కువ చేసుకుంటారు, ముగ్గురి బానెట్ల కిందా ఉన్నది ఫియట్ 2 లీటర్ల మల్టీజెట్టే. చిన్న కార్లలో ఇప్పుడు పెట్రోల్ టర్బో కాలం నడుస్తోంది. స్కోడా కుషాక్, ఫోక్స్‌వ్యాగన్ టైగున్ ఒకే 1 లీటర్ టీఎస్‌ఐ పంచుకుంటాయి. మారుతి ఫ్రాంక్స్, టయోటా టైసర్ ఒకే బూస్టర్‌జెట్ పంచుకుంటాయి. ఇవి వేరే వేరే ఇంజిన్లని నమ్మి కొనేవాళ్లుంటే వాళ్లకి ఆ విషయం చెప్పాల్సింది అమ్మేవాళ్లే. చెప్పరు, అది నాకు నచ్చదు. అప్పు చేసి కొనేవాడికి తను కొంటున్నదేమిటో పూర్తిగా తెలియాలి.

అనంతపురంలో ఉండే మా బాబాయి కొడుకు మొన్న ఫోన్ చేశాడు. సెల్టోస్ డీజిల్ తీసుకోవాలా, క్రెటా డీజిల్ తీసుకోవాలా అని అడిగాడు. రెండింట్లో ఒకే 1.5 లీటర్ల టర్బో డీజిల్, 115 గుర్రాలు, 250 న్యూటన్ మీటర్లు అని చెప్పాను. మీ ఊళ్లో ఏ సర్వీస్ సెంటర్ మీద నీకు నమ్మకముందో చూసుకోమన్నాను.

‘అయితే సెల్టోసే అన్నా’ అన్నాడు.

‘ఎందుకురా?’

‘పెనుకొండలో తయారవుతుంది కదా. మన వీధి పిల్లలు అక్కడ పని చేస్తున్నారు.’

ఇంతకన్నా మంచి కారణం నాకు తట్టలేదు. తీసుకోమన్నాను. తిరుమల కొండ ఎక్కి పైకి చేరాక వెంటనే తాళం తిప్పేయకుండా ఒక నిమిషం ఇంజిన్ నడవనివ్వు, లేకపోతే ఆ వేడికి బేరింగ్‌లో ఆయిల్ మాడి గట్టిపడుతుంది అని చెప్పాను. బండి కంపెనీ పుస్తకంలో రాసిన గ్రేడు ఆయిలే పోయించు, మార్చాల్సిన కిలోమీటర్లు దాటనివ్వొద్దు అని కూడా చెప్పాను. ‘రాసుకుంటున్నా, ఆగన్నా’ అన్నాడు.