ఆశ్రమవాసపర్వము: వార్ధకశోకము, ప్రకృతి

వార్ధకమున గలిగిన పుత్రశోకమునకు ప్రకృతి యూఱట నొసగునా యను ప్రశ్నను బరీక్షించుటకు మహాభారతమున నాశ్రమవాసపర్వమును మించిన స్థలము లేదు. తిక్కన సోమయాజి తెనిగించిన 15 పర్వములలో నిది యొకటి. అయినను యుద్ధపర్వములను జదివినంత శ్రద్ధతో మనము దీనిని జదువము. కథాసూత్రము వ్యాసునిది కావున నీ పరిశీలనము దానినే యనుసరించుచున్నది.

యుద్ధానంతరము 15 ఏండ్లు ధృతరాష్ట్రుడు హస్తినాపురమున నుండెను. ధర్మరాజు లోపమేమియు జేయలేదు. కాని తన పుత్రులను జంపినవారే తనకు గూడు పెట్టుచున్న యింట ముదుసలి మనసార నేడ్చుటకు జోటెక్కడిది? భీముని పరుషవాక్కులు నిమిత్తమాత్రములు. తుదకు రాజు వనమునకు బయలుదేఱెను. కుంతి ముందు నడచెను. ఆమె భుజముపై గాంధారి చేయి, గాంధారి భుజముపై రాజు చేయి.

ఇచ్చట నొక విశేషము గమనింపదగును. మన కావ్యములలోని వనవర్ణనలు చాలవఱకు గంటికి విందులు. ఈ దంపతులలో నొకడు జన్మాంధుడు. రెండవయామె కన్నులకు వస్త్రము గట్టుకొన్నది. వారికి వనము రూపము గాదు, స్పర్శము. భాగీరథీజలపు జల్లదనము, తీరమున విదురసంజయులు పఱచిన దర్భశయ్య, మేనిపై వల్కలము. వారెఱిగిన ప్రకృతి యింతియే.

అది చాలినదా? చాలలేదు. 16 ఏండ్లు గడచినను రాజునకు శాంతి లేదనియు, రాత్రులెల్ల నిట్టూర్పులతో గడపుచున్నాడనియు నాశ్రమమునకు వచ్చిన వ్యాసునితో గాంధారి విన్నవించినది. వనవాసమాత్రమున శోకము నశించునను వారికి నీ మాటయే ప్రత్యుత్తరము.

అంతట వ్యాసుడు గంగనుండి మృతవీరులను రప్పించెను. దివ్యచక్షువుతో ధృతరాష్ట్రుడు తన పుత్రులను దొలిసారి చూచెను. ఆ యొక్క రాత్రి గడచినంతనే వారు మరల గంగలో లీనమైరి. ఇది తపోమహిమయే కాని ప్రకృతిప్రభావము కాదని కొంద ఱాక్షేపింపవచ్చును. నిజమే. కాని మహర్షి వారిని రప్పించినది, వనమున నడుగిడిన నాడు రాజు స్నానమాడిన యా నదినుండియే. నాటినుండి రాజునకది పుత్రులను దాచుకొన్న నీరు. పాండవులు మరలిపోయిన పిదప నాతడు కురుక్షేత్రమును విడిచి గంగాద్వారమునకు జేరుట యీ యభిప్రాయమునకు బలమొసగుచున్నది.

రెండేండ్ల పిమ్మట గంగలో స్నానమాడి మరలుచుండగా దావాగ్ని చుట్టుముట్టెను. సంజయుని బొమ్మని పంపి, ముదుసలులు మువ్వురును గదలక కూర్చుండిరి. అది వృథాగ్ని యని ధర్మరాజు వగచెను. రాజు తాను వేల్చిన యగ్నియే యని నారదుడు తెలిపెను.

కావున ప్రకృతి దుఃఖమును మాన్పునని యీ పర్వము చెప్పుట లేదు. నగరమున దాచుకొనవలసివచ్చిన దుఃఖమునకు వనము చోటిచ్చినది; నది యా దుఃఖమునకొక నెలవైనది. గాంధారి విన్నపమును దిక్కన యెట్లు తెనిగించెనో మూలముతో బద్యము పద్యముగా సరిపోల్చి చూచుట పరిశోధకులు చేపట్టదగిన పని.