తాళం వేసినవాడు, పేరు కొట్టేసినవాడు

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు ఇంజనీరింగ్ పిల్లల రెజ్యూమెల్లో ఇప్పుడు కోడ్‌ను ఆన్‌లైన్‌లో దాచుకునే గిట్‌హబ్ ఖాతా లింకు ఉండాల్సిందే. ఆ ఖాతా అమెరికా చట్టం కింద ఉందన్న సంగతి ఎవరికీ పట్టదు. ఇరాన్ కుర్రాళ్లకూ పట్టలేదు, 2019 జులై దాకా.

ఆ నెలలో అమెరికా ఆంక్షల వల్ల ఇరాన్, సిరియా, క్రిమియాల్లో ఉన్నవాళ్ల ప్రైవేటు రిపాజిటరీలను, అంటే వాళ్లు దాచుకున్న కోడ్‌ను, గిట్‌హబ్ మూసేసింది. పబ్లిక్ కోడ్‌ జోలికి పోలేదు. దాచుకున్న పని కావాలంటే అందరికీ కనబడేలా పెట్టాలి, లేదంటే ఆశ వదులుకోవాలి. గోడౌన్లో బస్తాలు రైతువే, తాళంచెవి మాత్రం ఓనరుది.

2024 అక్టోబరులో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయైన కెర్నెల్లో జరిగింది వేరు. కెర్నెల్ పెద్దల్లో ఒకడైన గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ పంపిన ఒక చిన్న ప్యాచ్‌తో, కోడ్ బాగోగులు చూసే మెయింటెయినర్ల జాబితాలోంచి డజను దాకా పేర్లు ఎగిరిపోయాయి. రష్యాతో సంబంధమున్న పేర్లవి. నిబంధనల కోసమన్నారు, ఏ నిబంధనో చెప్పలేదు. తగిన పత్రాలు తెస్తే తిరిగి రావచ్చన్నారు. ఏ పత్రాలో చెప్పలేదు. నిలదీసినవాళ్లను లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్, తాను రష్యా పొరుగున ఉన్న ఫిన్లాండువాణ్నని గుర్తుచేసి గదిమాడు. ఆంక్షల జాబితాకెక్కిన కంపెనీల ఉద్యోగులకే ఇది వర్తిస్తుందని మరో కెర్నెల్ డెవలపర్ జేమ్స్ బాటమ్లీ మర్యాదగా వివరించేసరికి రోజులు గడిచాయి.

దెబ్బ తిన్నవాళ్లు మొదటి దాంట్లోనే ఎక్కువ. కెర్నెల్ కోడ్ రష్యన్లకు ఇప్పటికీ దొరుకుతుంది, దాని జీపీఎల్ లైసెన్సు ఎవరినీ ఆపదు. అయినా నాకు రెండోదే ఎక్కువ తప్పుగా తోస్తుంది. గిట్‌హబ్ వ్యాపార సంస్థే కావచ్చు, కానీ అమెరికా ప్రభుత్వం వెంటపడి 2021 జనవరిలో ఇరాన్‌లో సేవలందించే అనుమతి సాధించింది. ఏదైనా నలుగురిలో తేల్చుకుంటామనే లినక్స్ వాళ్లేమో ముందు కొట్టేసి, తర్వాత నోరు విప్పారు. చట్టానికి లోబడటాన్ని తప్పుపట్టను, కెర్నెల్‌కు అండగా ఉండే లినక్స్ ఫౌండేషన్ అమెరికాది. చెప్పకుండా చేయడమే తప్పు.

మనకెందుకులే అనడానికి లేదు. 1998 పోఖ్రాన్ అణు పరీక్షల తర్వాత రెండు వందలకు పైగా భారతీయ సంస్థలు అమెరికా ఆంక్షల జాబితాకెక్కాయి. 2025 జులైలో ఐరోపా ఆంక్షల కారణంగా భారత చమురు కంపెనీ నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు ఆపేసింది. నయారా ఢిల్లీ హైకోర్టుకెక్కాక మైక్రోసాఫ్ట్ వాటిని పునరుద్ధరించింది. గిట్‌హబ్ కూడా మైక్రోసాఫ్ట్‌దే.

దీనికి విరుగుడు ఉంది. గిట్ క్లోన్ అనే ఆదేశం కొడితే కోడూ దాని చరిత్రా మన డిస్కులోకి వస్తాయి. గిట్‌హబ్‌లోని ఇష్యూలు, చర్చలు రావు. మన కాలేజీలు ల్యాబులో ఒక పాత కంప్యూటర్ మీదైనా సొంత గిట్ సర్వర్ పెట్టి, పిల్లల ప్రాజెక్టులకు రెండో కాపీ ఉంచాలి. ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి.